పద్దెనిమిదో రోజు మట్టిబొమ్మ

తెల్లవారుజామున పెట్రోమాక్స్ లైట్ల వెలుగు పలచబడే వేళకు భారతం మిట్ట మీద దుర్యోధనుడు స్పష్టంగా కనబడేవాడు. వెల్లకిలా పడుకున్న నలభై అడుగుల మట్టి మనిషి. రాత్రంతా నాటకం చూసి అక్కడే గోనెసంచులు పరుచుకొని నిద్రపోయిన పిల్లకాయలు కళ్లు నులుముకుంటూ లేచి మొదట చూసేది ఆ మీసాలనే. ఒక్కో మీసం మనిషి చెయ్యంత పొడుగు. పక్కన నిలబడితే పొట్ట మన మోకాలు దాటేది. ఆ పూట అతను పోతాడని ఊరంతటికీ తెలుసు. అయినా ఎవరో ఒక ముసలమ్మ అప్పటికే వచ్చి బొమ్మ తల దగ్గర దీపం పెట్టి పోయుండేది.

చిత్తూరు, తిరుపతి పక్క "ఊర్లో భారతం పెట్టినారు" అంటే ఇంకేం వివరించక్కర్లేదు. ద్రౌపదమ్మ గుడి అనో, ధర్మరాజుల గుడి అనో పిలుచుకునే గుడి ఉన్న ఊళ్లలో, కోతలైపోయి కయ్యలు బీడుగా ఉన్న ఎండాకాలంలో కొందరు, ఆడి నెలలో, అంటే జూలై-ఆగస్టుల్లో, కొందరు పెట్టేవాళ్లు. ధ్వజం ఎత్తినప్పటి నుంచి పద్దెనిమిది రోజులు మహాభారత కథ నడుస్తుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ రోజు బండి నిండా అన్నం కుండలు పెట్టుకొని భీముడు ఊరంతా తిరుగుతాడు. అర్జున తపస్సు రోజు కొబ్బరిచెట్టంత మాను పాతి, మెట్లుగా చీలలు కొట్టి, అర్జునుడి వేషగాడు పద్యం పాడుతూ మెట్టు మెట్టుగా పైకి పోతాడు. పై నుంచి విసిరే నిమ్మకాయల కోసం, విభూతి కోసం పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకొని ఉంటారు. కల్యాణం, చీర లాగడం, గోగ్రహణం, రాయబారం, పద్మవ్యూహం, కర్ణమోక్షం వరసగా నడుస్తాయి. పద్దెనిమిదో రోజు పొద్దున దుర్యోధన వధ. సాయంత్రం అగ్నిగుండం, అరవ సరిహద్దు ఊళ్లలో దాన్నే తీమిది అంటారు. మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం. వరస ఊరికో తీరుగా కొంచెం అటూ ఇటూ మారుతుంది గానీ చివరి మూడు మాత్రం కదలవు.

చూసినవాళ్లందరూ చెప్పుకునేది తపస్సు మాను గురించి, నిప్పులగుండం గురించి. మట్టిబొమ్మ ఎట్లా చేసేవాళ్లో చెప్పేవాళ్లు తగ్గిపోయారు. ఆ పని తెలిసిన చేతులు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉండేవి. అందుకే దాన్ని వివరంగా రాసిపెట్టాలనిపించింది.

పని పదిహేనో రోజు పొద్దున్నే మొదలవ్వాలి. మట్టి నానడానికి ఒక రాత్రి, బొమ్మ లేపడానికి రెండు రోజులు, రంగుకు ఒక పూట. ఒక్క రోజు ఆలస్యమైనా తడి ఆరక సున్నం నిలవదు. ముందు మిట్ట మీద గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో గట్టిపరుస్తారు. తల వచ్చే చోట ఒక మేకు, పాదాలు వచ్చే చోట ఒక మేకు కొట్టి మధ్యన తాడు లాగుతారు. కొలబద్దతో పని లేదు. అదే తాడును మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిదో వంతు వస్తుంది. నలభై అడుగుల బొమ్మకు అది ఐదడుగులు. మొదటి వంతు తల, రెండో వంతు ముగిసేది రొమ్ము దగ్గర, మూడోది బొడ్డు, నాలుగోది నడుము కింద, ఆరో వంతు మోకాళ్లు, ఎనిమిదో వంతుకు పాదాలు. కిరీటం ఈ లెక్కలో రాదు, దానికి పైన వేరే జాగా వదలాలి. కిరీటాన్ని కూడా ఎనిమిదిలో కలిపేసిన బొమ్మకు ముఖం చిన్నదైపోయి పిల్లవాడిలా కనబడుతుంది. వంతులు గుర్తుపెట్టుకున్నాక చుట్టూ ముగ్గుపిండితో గీత గీస్తారు. చేతులు ఒంటికి అంటించకూడదు, రెండు పక్కలా చాపి ఉండాలి. వేషగాళ్లు బొమ్మ మీదికెక్కి చుట్టూ తిరిగేటప్పుడు కాళ్లు పెట్టుకునే సందులు అవే.

మట్టి లెక్క ఇట్లా వేసేవాళ్లు. నలభై అడుగుల పొడవు, సగటున ఆరడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు అనుకుంటే 360 ఘనపుటడుగులు. ఎద్దుల బండికి తడిమట్టి ఇరవై ఘనపుటడుగులకు మించి వేస్తే ఇరుసు మూలుగుతుంది. అంటే పద్దెనిమిది బండ్లు. పద్దెనిమిది అక్షౌహిణులకు పద్దెనిమిది బండ్లని పెద్దోళ్లు ముచ్చటగా చెప్పుకునేవాళ్లు. లోపల అంతా మంచిమట్టి పోయక్కర్లేదు. నడిమి భాగమంతా గులకమట్టి, పెళ్లలు పోసి తొక్కి, పైన బెత్తెడు మందం మాత్రం కలిపిన మట్టి మెత్తుతారు.

కలపడంలోనే ఉంది నేర్పంతా. చెరువు ఒండ్రు సగం, ఎర్రమట్టి అందులో సగానికి కొంచెం ఎక్కువ, మిగిలింది ఇసుక. వీటికి జానెడు ముక్కలుగా తరిగిన వరిగడ్డి, ఊక కలిపి, నీళ్లు పోసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కాళ్లతో తొక్కాలి. ఒండ్రు ఎక్కువైతే ఆరేటప్పుడు ముడుచుకొని బీటలిస్తుంది. ఇసుక ఎక్కువైతే ముక్కు, పెదవులు, వేళ్లు అంచులు నిలవకుండా రాలిపోతాయి. గడ్డి పని మట్టిని పట్టి ఉంచడం, ఊక పని తడిని నెమ్మదిగా వదలడం. పిడికిట్లో ముద్ద నొక్కి తెరిస్తే వేలిగుర్తులు నిలవాలి, అరచేతికి మట్టి అంటకూడదు. అప్పుడే మెత్తడానికి వచ్చినట్టు.

జానెడు ఎత్తు లేపి ఆపాలి. అది కాస్త బిగుసుకున్నాక ఇంకో జానెడు. తొందరపడి ఒకేసారి రొమ్ము లేపితే రాత్రికి పక్కలు జారి, పొద్దునకు దుర్యోధనుడు పొట్ట పగిలినట్టు కూర్చుంటాడు. మన ఎండ సంగతి తెలిసిందే. పది గంటలు దాటితే పైపొర ఎండిపోయి లోపలి తడి ఇరుక్కుంటుంది. బీటలు పుట్టేది అక్కడే. అందుకని పొద్దెక్కగానే తడిగోనెలు, పచ్చి కొబ్బరిమట్టలు కప్పి, దిగాక తీసేవాళ్లు. బీట పడితే నీళ్లు పోయడం పెద్ద తప్పు. నీళ్లు సందులోకి దిగి బీటను ఇంకా విప్పుతాయి. అదే మట్టిని మజ్జిగలా పల్చగా కలిపి, వేలితో రుద్ది పూడ్చాలి.

ముఖం చివరికి పెట్టుకునేవాళ్లు, అదీ ఒక్కడే చెయ్యాలి. పది చేతులు పడితే పది ముఖాలవుతాయి. కళ్లకు రెండు మట్టిమూకుళ్లు బోర్లించి, సున్నం పూసి, నూనెలో కలిపిన దీపపు మసితో నల్లగుడ్లు పెట్టేవాళ్లు. మీసాలకు బొగ్గుపొడి, తుమ్మబంక. పెదాలకు కావి. ఒంటికి సున్నం వేసేది మట్టి సగం ఆరాకే. పచ్చిగా ఉండగా వేస్తే పొక్కులు పొక్కులుగా లేస్తుంది, పూర్తిగా ఎండాక వేస్తే పొడి రాలుతుంది. కిరీటానికి పసుపురంగు కావాలంటే పసుపుమన్నే వాడాలి గానీ వంటింటి పసుపు వాడకూడదు. సున్నం మీద పసుపు పడితే ఎర్రగా తిరుగుతుంది. కొత్తగా పని నేర్చుకునేవాళ్లు మొదటేడు తప్పకుండా చేసే పొరపాటు అదే.

పెదవులు చేసేటప్పుడు పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో ఒకరు ఒక మాట అనేవాళ్లు. "ముఖం ఏడుపు పెట్టొద్దు నాయనా. వాడు ఏడ్చుకుంటా పోలేదు." అది ఊరికే అన్న మాట కాదు. భారతంలో తొడలు విరిగి పడిన దుర్యోధనుడు కృష్ణుడితో అన్నది అదే. చదువుకున్నాను, దానాలిచ్చాను, భూమినేలాను, యుద్ధంలో క్షత్రియుడు కోరుకునే చావు చస్తున్నాను, నా వాళ్లతో కలిసి స్వర్గానికి పోతున్నాను, మీరు ఇక్కడ దుఃఖపడుతూ బతకండి అంటాడు. అన్నాక ఆకాశం నుంచి పూలు కురిశాయని, పాండవులు సిగ్గుపడి తలలు వంచుకున్నారని కూడా ఉంది. ఓడినవాడి మీద పూలవాన, గెలిచినవాళ్ల తలలు కిందికి. ఆ బొమ్మ పెదవి చివర కొంచెం పైకి తిప్పడం తెలిసిన చేతికి భారతం తెలిసినట్టే.

ఇక తొడ. తొడలో కుండ పెట్టాలి. ఎర్రనీళ్లు హారతినీళ్లే, పసుపులో సున్నం కలిపితే వచ్చేవి. ముందు రాత్రే కలిపి పెట్టుకుంటే పొద్దునకు రంగు చచ్చి గోధుమరంగులోకి తిరుగుతాయి. అందుకని వధకు గంట ముందు కలపాలి. కుండ కొత్తది పనికిరాదు. కొత్తకుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ పై మట్టికి ఎక్కి తొడ మీద నల్లటి మచ్చ లేస్తుంది, చూసేవాళ్లకు గుట్టు ముందే తెలిసిపోతుంది. వంటకు వాడి వాడి రంధ్రాలు పూడిన పాతకుండే మేలు. పైన అర అంగుళం మట్టి, అంతకు మించకూడదు. మందం ఎక్కువైతే దెబ్బకు కుండ పగలదు, భీముడు రెండోసారి, మూడోసారి కొట్టాల్సి వస్తుంది. అది జనానికి నచ్చదు. భీముడి దెబ్బ ఒక్కటే కావాలి. రాత్రి నాటకానికి గుడ్డ చుట్టి గడ్డి కూరిన గద సరిపోతుంది గానీ, ఆ పొద్దుకు మాత్రం చెక్క గద తెచ్చేవాళ్లు. కుండ ఉన్న చోట ఒక కుంకుమబొట్టు పెడితే భీముడికి గుర్తు.

వేషాల గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. తేలికపాటి చెక్క మీద అద్దం ముక్కలు, రంగుకాగితాలు అంటించిన కిరీటాలు, భుజకీర్తులు, ఇద్దరు పట్టుకునే తెర, తెర వెనక గజ్జెల చప్పుడు. దుర్యోధనుడి వేషం మంచి గొంతున్నవాడికే ఇచ్చేవాళ్లు. ఆ వేషం తేలిపోతే భీముడి గెలుపు కూడా తేలిపోతుంది. లైట్లు చూసుకునే మనిషి వేరే ఉండేవాడు. గంటకోసారి గాలి కొట్టాలి, పురుగు తగిలితే మ్యాంటిల్ బూడిదై రాలుతుంది గనక దుర్యోధనుడి ప్రవేశానికి ముందే కొత్త మ్యాంటిళ్లు కట్టి సిద్ధం చేసుకోవాలి. లైటు ఆరిన చోట పద్యం ఆగితే మళ్లీ ఎత్తుకోవడం ఎంత కష్టమో మద్దెల వాయించేవాళ్లకు తెలుసు.

వధ పొద్దున మిట్ట చుట్టూ మనిషి సందులేకుండా జనం. గుడి నుంచి ద్రౌపదమ్మ ఉత్సవమూర్తి వస్తుంది. భీముడు, దుర్యోధనుడు బొమ్మ చుట్టూ, బొమ్మ మీద, చేతుల సందుల్లో తరుముకుంటారు. ఎండెక్కే కొద్దీ ముఖాల రంగు చెమటకు కారి మెడ మీదికి దిగుతుంది. కృష్ణుడి వేషగాడు తన తొడ తట్టి చూపిస్తాడు. నడుము కింద కొట్టడం గదాయుద్ధంలో తప్పు, ఆ తప్పు చేయమని సైగ చేసేది దేవుడే. బలరాముడు దానికే కోపించి నాగలెత్తాడు. దెబ్బ పడుతుంది. కుండ పగులుతుంది. ఎర్రనీళ్లు సున్నం పూసిన తొడ మీంచి కారి మట్టిలోకి ఇంకుతాయి. ద్రౌపది వేషగాడు ఆ ఎరుపు జుట్టుకు రాసుకొని, పదమూడేళ్లుగా విప్పి ఉంచిన జుట్టు ముడేసుకుంటాడు. ఒక్క క్షణం గోవిందనామంతో మిట్ట దద్దరిల్లుతుంది.

ఆ క్షణం ఎంతో సేపు నిలవదు. అప్పటిదాకా భీముడి వైపు అరిచిన ఆడవాళ్లే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. కొన్ని ఊళ్లలో గాంధారి వేషం వస్తుంది, చేతిలో చేట, పొరక. బొమ్మ చుట్టూ తిరుగుతూ శోకాలు తీస్తుంది. చావింట్లో మన ఆడవాళ్లు తీసే శోకాలే, ఆ రాగమే, ఆ మాటలే. నూరుమంది పేర్లు చెప్పలేక పెద్దోడి పేరు, చిన్నోడి పేరు చెప్పి ఏడుస్తుంది. అది విని నిజంగా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు తమ బిడ్డల పేర్లు పెట్టి ఏడ్చేవాళ్లు. దుర్మార్గుడు చచ్చిన పూట ఊరు పండగ చేసుకోకుండా చావు చేసుకోవడం ఏమిటని బయటి ఊళ్ల వాళ్లు అడిగేవాళ్లు. భారతం పద్దెనిమిది మధ్యాహ్నాలు కూర్చొని విన్నవాళ్లు ఆ ప్రశ్న అడగరు.

హరికథ చెప్పే భాగవతారు ఆ మధ్యాహ్నం లెక్కతో మొదలుపెట్టేవాళ్లు. ఒక అక్షౌహిణికి 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. కలిపితే 2,18,700. కౌరవులవి పదకొండు, పాండవులవి ఏడు. పద్దెనిమిదీ కలిస్తే 39,36,600. ఒక్క ఏనుగునో రథాన్నో ఒక్కటిగా లెక్కేస్తేనే అంత, ఎక్కిన మనుషుల్ని విడిగా లెక్కేస్తే ఇంకా ఎక్కువ. తర్వాత వేళ్లు చూపించేవాళ్లు. చివరికి ఆ పక్క మిగిలింది ముగ్గురు. అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. ఈ పక్క ఏడుగురు. ఐదుగురన్నదమ్ములు, కృష్ణుడు, సాత్యకి. ఏడు అక్షౌహిణులకు ఏడుగురు. అక్షౌహిణికి ఒక మనిషి చొప్పున మిగిలితే గెలిచినట్టని చెప్పి, తాళం ఆపి, కాసేపు ఊరుకునేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో తాటాకు పందిరి గలగల వినబడేది.

ఆ ఏడుగురైనా మిగిలింది ఎట్లాగో చెప్పేవాళ్లు. గెలిచిన రాత్రి కృష్ణుడు వాళ్లను శిబిరంలో పడుకోనివ్వకుండా ఓఘవతీ నది ఒడ్డుకు తీసుకుపోయాడు. శిబిరంలో ఉన్నవాళ్లు గెలిచామని ఆదమరిచి నిద్రపోయారు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ ఒక్కటే చంపడం చూసి అశ్వత్థామకు దారి దొరికింది. ధృష్టద్యుమ్నుడు, శిఖండి, ద్రౌపది ఐదుగురు కొడుకులు ఆ చీకట్లోనే పోయారు. ప్రతివింధ్యుడు, శ్రుతసోముడు, శ్రుతకీర్తి, శతానీకుడు, శ్రుతసేనుడు. ఆ ఐదు పేర్లు భాగవతారు తొందరపడకుండా ఒక్కొక్కటే చెప్పేవాళ్లు. పొద్దున ఇదే మిట్ట మీద జుట్టు ముడేసుకున్న తల్లికి మర్నాటి పొద్దున తెలిసిన కబురు అది. ఆ కబురు విన్న దుర్యోధనుడు తృప్తిగా ప్రాణం వదిలాడు. అదే కబురు విన్న ధర్మరాజు నేలకూలి, ఓడినవాళ్లు గెలిచారు, గెలిచిన మనం ఓడిపోయాం అన్నాడు. ఇది మనం కల్పించి చెప్పుకునే నీతి కాదు, సౌప్తిక పర్వంలో ఉన్న మాట.

ఇంకా ఎన్ని పోయాయో కథలో చిన్న చిన్న చోట్ల చెప్పి వదిలేస్తారు. నేలకు నాలుగు అంగుళాల ఎత్తులో నడిచే ధర్మరాజు రథం, అశ్వత్థామ చచ్చాడన్న మాట నోటి నుంచి వచ్చిన క్షణంలో నేలకు తగిలింది. తర్వాత ఎన్ని యాగాలు చేసినా అది మళ్లీ లేచిందని ఎక్కడా లేదు. గెలిచాక అర్జునుణ్ణి గాండీవం, అమ్ములపొదులు తీసుకొని ముందు దిగమని కృష్ణుడు చెప్పాడు. అర్జునుడు దిగి, తర్వాత కృష్ణుడు దిగగానే రథం గుర్రాలతో సహా భగ్గుమని బూడిదైంది. ద్రోణుడి అస్త్రాలకు, కర్ణుడి అస్త్రాలకు అది ఎప్పుడో కాలిపోయింది, కృష్ణుడు కూర్చుని ఉన్నంతసేపూ నిలిచింది. ధృతరాష్ట్రుడు కౌగిలించుకుంటానంటే భీముడికి బదులు ఇనుప బొమ్మ పెట్టాల్సి వచ్చింది, ఆ కౌగిలికి అది పిండైంది. గాంధారి కళ్లగంతల సందులోంచి చూపు పడితే ధర్మరాజు కాలిగోళ్లు కమిలిపోయాయి. తర్పణాలు వదిలేటప్పుడు కుంతి వచ్చి, కర్ణుడికి కూడా వదలండి, వాడు మీ పెద్దన్న అంది. రాజ్యం కోసం చంపింది రాజ్యానికి హక్కున్న పెద్దవాణ్ణి అని గెలిచాక తెలిసింది. మనవళ్లలో మిగిలింది ఉత్తర కడుపులోని ఒక్కడు, వాడూ చచ్చి పుడితే కృష్ణుడు బతికించాడు.

భాగవతారు ఇక్కడే ఊరిలోకి దిగేవాళ్లు. మన వైపు కథకుడికి ఇది అలవాటు. కోర్టులో ఓడినోడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అనే సామెత చెప్పి, గెనిమ (పొలంగట్టు) తగాదాల లెక్క విప్పేవాళ్లు. వినడానికి వచ్చినవాళ్లలో సగంమంది సంచిలో వాయిదా కాగితాలు ఉన్నవాళ్లే. లెక్క చాలా తేలిక. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు ఎనిమిది అంగుళాలకు కాస్త తక్కువ. ఎకరా అంటే లక్ష చదరపు లింకులు, సెంటు అంటే వెయ్యి. పక్కవాడు ఏటికో సాలు దున్నుకుంటూ వచ్చి, ఐదు గొలుసుల పొడవున్న గెనిమను రెండు లింకులు లోపలికి జరిపాడనుకుందాం. ఐదువందల్ని రెండుతో గుణిస్తే వెయ్యి. పోయింది ఒక్క సెంటు. వానపంటగా శెనక్కాయలు ఎకరాకు పది మూటలు పండితే సెంటుకు మూటలో పదోవంతు. మూట నలభై కిలోలనుకుంటే నాలుగు కిలోల కాయలు.

ఆ నాలుగు కిలోల కోసం దావా. మునసబు కోర్టు, వకాల్తా, ఇంజంక్షన్, సర్వేయరుతో కమిషనర్ తనిఖీ. రెండు పాత హద్దురాళ్లు ఒకేసారి దొరకకపోతే కొలత తేలదు, రాళ్లలో ఒకటి నాగలికి తగిలి ఎప్పుడో లేచిపోయి ఉంటుంది. తీర్పు మీద అప్పీలు, దాని మీద రెండో అప్పీలు. ఆ రెండో అప్పీలుకు పోయే ఊరు కూడా ఒక్కటిగా నిలవలేదు. మొదట మద్రాసు, 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. తాత మద్రాసుకు తిరిగితే మనవడు తిరుపతిలో సాయంత్రం రైలెక్కి హైదరాబాదుకు తిరిగిన కుటుంబాలున్నాయి. డిక్రీ వచ్చాక అమలు కోసం మళ్లీ ఇంకో దరఖాస్తు. ఈలోగా గెనిమ మీది చింతమాను సంగతి చూడండి. ఉన్నది ఉన్నట్టు ఉంచమని ఉత్తర్వు వచ్చాక ఎవరూ కొమ్మకు కొక్కెం వెయ్యరు. మాసి నెలలో, అంటే ఫిబ్రవరి-మార్చిల్లో, కాయ పండి, పెంకు పెళుసై, పురుగు పట్టి, చెట్టు కిందే రాలి, చీమల పాలవుతుంది. రెండిళ్లవాళ్లూ సంతలో చింతపండు కొనుక్కుంటారు. భారతం జరిగిన పద్దెనిమిది రోజుల్లో గుడి ముందు కూర్చొని రాజీ కుదుర్చుకున్న తగాదాలు ఉండేవి. ఇద్దరికీ ఒకే అక్షౌహిణి లెక్క వినబడేది కదా.

సాయంత్రం గుండం సంగతి అందరికీ తెలిసిందే గనక ఎక్కువ రాయను. చింత, తుమ్మ మొద్దులు మధ్యాహ్నానికే అంటించి, సాయంత్రానికి మంట అణిగి ఎర్రటి నిప్పులయ్యాక పొడవాటి కర్రలతో చదును చెయ్యాలి. కాలని చెక్కముక్క ఒక్కటి మిగిలినా కాలికి అంటుకుంటుంది.  కంకణాలు కట్టుకొని, పసుపుబట్టలు కట్టి పద్దెనిమిది రోజులు నియమంగా ఉన్నవాళ్లే దిగాలి. ముందు కరగం, అంటే తల మీద మోసే అలంకరించిన కుండ, వెనక వాళ్లు. భీముడి వేషం కట్టినవాడూ ఆ వరుసలోనే ఉంటాడు, పొద్దున పడిన రంగు మెడ మీద ఇంకా వదలకుండానే.

మర్నాడు పట్టాభిషేకం. గుండానికి వచ్చిన వేలమందిలో దానికి మిగిలేది వందమంది. దుకాణాలవాళ్లు రాత్రే గుడారాలు విప్పేసుంటారు. బండ్లు పోయిన దారిలో దుమ్ము ఇంకా దిగి ఉండదు. ఒక బెంచీ మీద దుప్పటి పరిచి ధర్మరాజు వేషాన్ని కూర్చోబెడతారు. శాంతిపర్వంలో ధర్మరాజు ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతానని పట్టుబట్టిన భాగం, తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తర్వాత ఒకరు ఒప్పించిన భాగం భాగవతారు రెండు మాటల్లో చెప్పి హారతిస్తారు. గెలిచినవాడి పాట ఊళ్లో అన్నిటికన్నా పొట్టిది. దుర్యోధనుడి ప్రవేశానికి పట్టిన సమయంలో సగం కూడా పట్టదు. ఊరు అట్లా పెట్టుకోవడం మాకు ఎప్పుడూ సరైనదిగానే అనిపించింది.

ఇప్పుడు మిట్టల్లో చాలావాటి చుట్టూ ఇళ్లు వచ్చేశాయి. చెరువు ఒండ్రు బండ్లకు బదులు ట్రాక్టరులో రెండు మూడు తిప్పుల్లో వచ్చేస్తుంది. సున్నం తావులో డబ్బా రంగులు, హారతినీళ్ల తావులో కొనుక్కొచ్చిన ఎరుపు. అవి ముందు రాత్రే కలిపిపెట్టుకున్నా రంగు చావవు గనక కష్టం తగ్గింది. డబ్బా రంగు వేసిన బొమ్మకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. లోపలి తడిని అది బయటికి రానివ్వదు, మూడో రోజుకే మీసాల కింద బుడగలు లేస్తాయి. తొడ దగ్గర మట్టిని గుప్పెడు తీసుకుపోయి గాదెలోనో, పొలం మూలనో పెట్టుకునే ఆచారం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. రంగు మట్టి పొలంలో వెయ్యడానికి పెద్దోళ్లు ఒప్పుకోరు, అందుకని ఆ ఒక్క తొడకు మాత్రం ఇప్పటికీ సున్నమే వేయించేవాళ్లున్నారు.

బొమ్మను ఎవరూ పగలగొట్టరు. వాన దాన్ని తీసుకుపోవాలి. మొదట మూకుళ్ల కళ్లు బయటపడి, తర్వాత ముక్కు కరిగి, మీసాల నలుపు రొమ్ము మీదికి చారలుగా దిగుతుంది. చేతులు నేలలో కలిసిపోతాయి. కుండ పగిలిన చోట మాత్రం గుంట అట్లాగే మిగిలి, మొదటి వానకు అందులో నీళ్లు నిలుస్తాయి. మిట్ట మీద మేతకొచ్చిన మేకలు ఆ నీళ్లు తాగి, పక్క కయ్యలోకి దిగిపోతాయి.